మహమ్మారి టైంలో నర్సింగ్ పిల్లల క్లినికల్స్ ఆగకూడదంటే: కాలేజీ, హాస్పిటల్ చేతులు ఎలా కలపాలి, మొదటి ఫోన్ నుంచి చివరి సర్టిఫికెట్ దాకా

లాక్‌డౌన్ 2020 మార్చి 25న మొదలైంది గానీ మా హాస్టల్ దానికి కొద్ది రోజుల ముందే ఖాళీ అయిపోయింది. ఫోర్త్ ఇయర్ పిల్లలు అప్పటికి మెడికల్ వార్డు పోస్టింగ్ (హాస్పిటల్‌లో పేషెంట్ల దగ్గర చేసే ట్రైనింగ్, దీన్నే క్లినికల్స్ అంటాం) సగంలో ఉన్నారు, ఇస్త్రీ చేసిన యూనిఫాంలు హ్యాంగర్లకి అలాగే వేలాడుతున్నాయి, వాళ్ళు మాత్రం దొరికిన బస్సెక్కి ఊళ్ళకి వెళ్ళిపోయారు. తర్వాత నెలల తరబడి థియరీ ఆన్‌లైన్‌లో లాక్కొచ్చాం. కానీ కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) వేయడం ఫోన్‌లో ఎన్నిసార్లు చూపించినా, నరం దొరికినప్పుడు వేలికి తెలిసేది స్క్రీన్ మీద తెలీదు కదా.

నేను ఒక జిల్లా టౌన్‌లో ప్రైవేట్ నర్సింగ్ కాలేజీలో క్లినికల్ కోఆర్డినేటర్‌ని. ఆ రెండేళ్ళలో మూడు చోట్ల హాస్పిటల్స్‌తో కలిసి పోస్టింగ్స్ నడిపాం, ఒకటి ఘోరంగా ఫెయిలైంది, రెండు బాగా నడిచాయి. మళ్ళీ ఇలాంటిది వస్తే, కోవిడే కానక్కర్లేదు ఏదైనా సరే, ఏ పని ముందు చేయాలి, ఏది కాగితం మీద పెట్టాలి, పిల్లల్ని వార్డులోకి పంపేముందు ఏం చూసుకోవాలి అన్నది ఇక్కడ వరసగా రాస్తున్నా. కాలేజీ ప్రిన్సిపాల్స్, ట్యూటర్స్, హాస్పిటల్‌లో నర్సింగ్ సూపరింటెండెంట్లు ముఖ్యంగా చదవాలి, స్టూడెంట్స్ చదివితే ఇంకా మంచిది, ఎందుకంటే తమకేం రావాలో వాళ్ళకి తెలియాలి.

ఒక్క మాట ముందే చెప్తా, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. స్టూడెంట్ అంటే ఊరికే దొరికిన చెయ్యి కాదు. తను పని చేస్తుంది, కానీ నేర్చుకోడానికి వచ్చింది. ఎవరు నేర్పుతారు, ఏమైనా అయితే ఎవరు చూసుకుంటారు అనేవి రాసి సంతకం పెట్టకపోతే రెండో వారానికల్లా నేర్చుకోవడం పోయి చాకిరీ మిగుల్తుంది.

ముందు లెక్క తేల్చండి: ఎవరికి ఎన్ని గంటలు బాకీ

సిలబస్ ప్రకారం వార్డులో చేయాల్సిన గంటల్లో ఎవరికి ఎన్ని మిగిలాయో తేల్చడం, హాస్పిటల్‌కి ఫోన్ చేసే ముందు చేయాల్సిన పని ఇది. బ్యాచ్ మొత్తానికి కలిపి "ఇంకో రెండు నెలలు ఉంది" అనుకుంటే కుదరదు, ఒక్కో స్టూడెంట్ పేరు మీద ఒక్కో లైన్ పెట్టండి. ఎందుకంటే ఒకమ్మాయి ఓబీజీ (కాన్పుల వార్డు) పూర్తి చేసి పీడియాట్రిక్స్ (పిల్లల వార్డు) బాకీ ఉంటుంది, పక్కమ్మాయి సెలవు పెట్టి రెండూ బాకీ ఉంటుంది.

ఆ షీట్‌లో ప్రతి స్టూడెంట్‌కి మూడు గడులు చాలు. అయిపోయిన గంటలు. స్కిల్ ల్యాబ్‌లో చేయించగలిగిన గంటలు. పేషెంట్ దగ్గర తప్ప ఎక్కడా నేర్చుకోలేనివి.

ఈ మూడో గడి మీద ట్యూటర్లంతా కూర్చుని గట్టిగా వాదించుకోవాలి, మేం ఒక పూటంతా వాదించుకున్నాం. ఐఎం ఇంజెక్షన్ (కండలోకి ఇచ్చేది), క్యాథెటర్ వేయడం, రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం), సీపీఆర్ ఇవన్నీ మానికిన్ (మనిషి బొమ్మ) మీద బాగానే వస్తాయి. కానీ ఆయాసపడుతున్న మనిషితో మాట్లాడటం, నైట్ డ్యూటీలో తెల్లవారుజామున మూడింటికి కళ్ళు మూతపడుతున్నా మానిటర్ చూడటం, ఇరవై మంది పేషెంట్ల హ్యాండోవర్ (షిఫ్ట్ మారేటప్పుడు అప్పగింత) తీసుకోవడం, పేషెంట్‌కి తోడున్న అటెండర్ అరుస్తుంటే డోసు తప్పకుండా లెక్కకట్టడం, వీటికి ల్యాబ్ సరిపోదు.

ల్యాబ్ గంటల్ని క్లినికల్ గంటలుగా లెక్కేసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. అమెరికాలో నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి పది కాలేజీల్లో ఒక పెద్ద స్టడీ చేయించి 2014లో బయటపెట్టింది, మంచి సిములేషన్‌తో (ల్యాబ్‌లోనే నిజం వార్డులా చేయించడం) క్లినికల్ గంటల్లో సగం దాకా మార్చినా పిల్లల సామర్థ్యంలో తేడా రాలేదని తేలింది. ఇది విని మనవాళ్ళు కొందరు సంబరపడి రెండు మానికిన్లు పెట్టి సగం గంటలు కొట్టేద్దాం అనుకుంటారు. ఆ స్టడీలో నేర్పినవాళ్ళకి సిములేషన్ నడపడంలో ట్రైనింగ్ ఉంది, ప్రతి సెషన్ తర్వాత కూర్చోబెట్టి ఏం జరిగిందో మాట్లాడించారు, అది లేకుండా ఆ సగం అనే మాట మనకి వర్తించదు. బ్రిటన్‌లో నర్సు కావాలంటే 2300 గంటల ప్రాక్టీస్ ఉండాలి, కోవిడ్‌లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ అందులో 300 గంటల దాకా సిములేషన్‌కి ఒప్పుకుంది. అంటే అంత కష్టకాలంలో కూడా ఒక హద్దు గీసుకున్నారు. మన దగ్గర ఆంధ్రాలో అయితే విజయవాడ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణలో అయితే వరంగల్ కాళోజీ యూనివర్సిటీ, వాళ్ళ దగ్గర్నుంచి లిఖితపూర్వకంగా మాట తీసుకోకుండా ఒక్క గంట కూడా మార్చకండి. పరీక్షల ముందు గంటలు చాల్లేదంటే నష్టపోయేది ఆ పిల్లే.

2021-22 నుంచి బీఎస్సీ నర్సింగ్ సెమిస్టర్ పద్ధతిలోకి వచ్చింది, ఎనిమిదో సెమిస్టర్‌లో 22 వారాల ఇంటర్న్‌షిప్ ఉంటుంది. ఆ 22 వారాల్లోనే ఏదైనా మహమ్మారి వచ్చిపడితే ఆ బ్యాచ్‌కి వెనక్కి తిరిగి చేసుకోడానికి టైమే ఉండదు, అందుకే ఫైనల్ ఇయర్ వాళ్ళ లైన్లు షీట్‌లో పైన పెట్టండి.

హాస్పిటల్‌కి ఏం కావాలో అడగండి, అడగాల్సిన మనిషిని అడగండి

చాలా కాలేజీలు చేసే పొరపాటు, యాజమాన్యం యాజమాన్యంతో మాట్లాడేసుకుంటుంది. కరెస్పాండెంట్ గారు హాస్పిటల్ ఎండీకి ఫోన్ చేసి "మా పిల్లలు నలభై మంది ఉన్నారు సార్" అంటారు, ఆయన "పంపించండి" అంటారు, వార్డులో ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి మాత్రం సోమవారం పొద్దున గుమ్మంలో నలభై మంది తెల్ల యూనిఫాంలు చూశాక తెలుస్తుంది. మొదటి మీటింగ్ నర్సింగ్ సూపరింటెండెంట్‌తో జరగాలి, వీలైతే ఇద్దరు ఇన్‌ఛార్జ్ సిస్టర్లు కూడా ఉండాలి.

వాళ్ళని ఒక్కటే ప్రశ్న అడగండి: "మీ స్టాఫ్‌కి ఏ పనికి టైం చాలట్లేదు సిస్టర్?" రెండో వేవ్‌లో మేం అడిగితే వచ్చిన జవాబులు నాకు ఇంకా గుర్తున్నాయి. గంటగంటకీ శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) రాయడానికి మనుషుల్లేరు. సిలిండర్లు మార్చేటప్పుడు ఎవరో ఒకరు ప్రెజర్ గేజ్ చూస్తూ ఉండాలి. పెద్దవాళ్ళకి అన్నం తినిపించేవాళ్ళు లేరు, అటెండర్లని లోపలికి రానివ్వట్లేదు కాబట్టి. బయట గేటు దగ్గర బంధువులు ఏడుస్తున్నారు, వాళ్ళకి లోపల ఏం జరుగుతోందో చెప్పేవాళ్ళు లేరు. వీటిలో ప్రతిదీ నర్సింగ్‌లో ఒక పాఠమే, పక్కన చెప్పేవాళ్ళు ఉంటే.

ఏ సంవత్సరం వాళ్ళు ఎక్కడికి అన్నది ఇక్కడే తేల్చేయాలి. మేం పెట్టుకున్న లైన్ ఇది: ఫస్ట్ ఇయర్, సెకండ్ ఇయర్ పిల్లలు కోవిడ్ వార్డు ఛాయలకి కూడా వెళ్ళరు. థర్డ్ ఇయర్ వాళ్ళు వ్యాక్సినేషన్ సెంటర్లు, ఇంట్లో ఐసోలేషన్‌లో ఉన్నవాళ్ళకి ఫోన్ ఫాలో-అప్, మామూలు వార్డులు. ఫైనల్ ఇయర్ వాళ్ళలో ఇష్టపడినవాళ్ళు మాత్రమే కోవిడ్ వార్డు. 2021 మేలో కేంద్రం ఇచ్చిన ఆదేశం కూడా దాదాపు ఇలాగే ఉంది, ఫైనల్ పరీక్షల కోసం ఎదురుచూస్తున్న బీఎస్సీ, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పిల్లలకి ఫుల్‌టైం కోవిడ్ డ్యూటీ ఇవ్వొచ్చు కానీ సీనియర్ ఫ్యాకల్టీ పర్యవేక్షణలో అని. ఈ చివరి మూడు ముక్కలు చాలాచోట్ల ఎగిరిపోయాయి, డ్యూటీ మిగిలింది, పర్యవేక్షణ పోయింది.

ఒక్క హాస్పిటల్ మీద ఆధారపడొద్దు

2020లో ఏమైందో గుర్తు తెచ్చుకోండి. సికింద్రాబాద్ గాంధీ హాస్పిటల్ మొత్తం కోవిడ్‌కి కేటాయించేశారు. ఆంధ్రాలో విజయవాడ జీజీహెచ్ (ప్రభుత్వ జనరల్ హాస్పిటల్), విశాఖ విమ్స్, నెల్లూరు జీజీహెచ్, తిరుపతి స్విమ్స్ స్టేట్ కోవిడ్ హాస్పిటల్స్ అయ్యాయి. పోస్టింగ్ కోసం అలాంటి ఒక్క హాస్పిటల్‌నే నమ్ముకుంటే సర్జికల్ వార్డు, పిల్లల వార్డు రాత్రికి రాత్రి చేతిలోంచి జారిపోతాయి, హాస్పిటల్ అక్కడే ఉంటుంది కానీ నేర్చుకోవాల్సిన కేసులుండవు.

అందుకని మూడు రకాల చోట్లు పట్టుకోండి. ఒకటి మామూలు కేసులు చూసే హాస్పిటల్, చిన్నదైనా పర్లేదు, కాన్పులు జరిగేది అయితే బంగారం, ఎందుకంటే ఏ మహమ్మారిలోనూ కాన్పులు ఆగవు. రెండోది అంటువ్యాధి కేసులు చూసేది. మూడోది పీహెచ్‌సీ గానీ అర్బన్ హెల్త్ సెంటర్ గానీ. ఈ మూడోదాన్ని కాలేజీలు చిన్నచూపు చూస్తాయి, నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. మా పిల్లలు ఏఎన్ఎం అక్కలతో, ఆశా వర్కర్లతో కలిసి ఇళ్ళకి ఫోన్లు చేసి "అమ్మా, ఈరోజు ఆక్సిమీటర్‌లో ఎంత చూపిస్తోంది, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా" అని అడిగి రాసుకున్న నెల రోజుల్లో కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ నేర్చుకున్నంతగా ఆ బ్యాచ్ అంతకు ముందు ఏ సర్వేలోనూ నేర్చుకోలేదు.

దూరం కూడా చూసుకోండి. బస్సులు ఆగిపోతే పిల్లలు ఎలా వస్తారు? కాలేజీ బస్సుంటే సీటు వదిలి సీటు కూర్చోబెడితే ఎన్ని ట్రిప్పులు, డీజిల్ ఎవరు పోస్తారు, ఇలాంటివి కూడా మీటింగ్‌లో అడగండి, సిగ్గుపడొద్దు.

ఎంఓయూ (కాలేజీ, హాస్పిటల్ రాసుకునే ఒప్పందం): ఇక్కడ బద్ధకించొద్దు

ఒకటి ఘోరంగా ఫెయిలైందని మొదట్లో అన్నా కదా, ఆ పోస్టింగ్ గురించి చెప్తా. ఒక హాస్పిటల్‌తో అంతా ఫోన్ మీదే ఒప్పందం, అందరూ మంచివాళ్ళే, తొందరలో ఉన్నాం, కాగితం తర్వాత చూసుకుందాం అనుకున్నాం. మొదటి వారం బాగానే పోయింది. రెండో వారంలో వాళ్ళ స్టాఫ్‌లో కొంతమందికి పాజిటివ్ వచ్చింది, మా పిల్లల్ని మూడు షిఫ్టుల్లోకి విడగొట్టేశారు, నైట్‌లో ముప్పై బెడ్లకి ఒక స్టాఫ్ నర్స్, ఇద్దరు మా పిల్లలు. ఒక రాత్రి పదకొండున్నరకి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, సిస్టర్ ఐసీయూలోకి వెళ్ళారు, ఇక్కడ తొమ్మిదో బెడ్ తాతకి శాచురేషన్ ఎనభై రెండు చూపిస్తోంది, ఆక్సిజన్ ఫ్లో పెంచనా?" అంది. ఫోన్‌లోనే డ్యూటీ డాక్టర్‌ని పిలవమని చెప్పి, ఆయన వచ్చేదాకా లైన్‌లోనే ఉన్నా. తాత ఆ రాత్రి గట్టెక్కాడు. పొద్దున్నే వెళ్ళి పిల్లల్ని వెనక్కి తీసుకొచ్చేశా. హాస్పిటల్ వాళ్ళు బాధపడ్డారు, వాళ్ళ తప్పు ఎంతో మా తప్పూ అంతే, ఎందుకంటే రాత్రి పూట ఎవరు పక్కనుండాలి అని మేం ఎక్కడా రాయలేదు.

తర్వాత చేసిన రెండు ఎంఓయూల్లో మేం పెట్టినవి చెప్తా, మీ లాయర్ భాష మీరు పెట్టుకోండి, విషయం మాత్రం వదలొద్దు.

పర్యవేక్షణ గురించి: ప్రతి షిఫ్ట్‌కి స్టూడెంట్స్‌ని చూసుకునే స్టాఫ్ నర్స్ పేరు రోస్టర్‌లో ఉండాలి, "వార్డు స్టాఫ్" అని కాదు, పేరు. కోవిడ్ వార్డులో ఒక స్టాఫ్ నర్స్‌కి ఇద్దరు స్టూడెంట్స్ మించకూడదు. ఆ స్టాఫ్ నర్స్ రాకపోతే ఆ షిఫ్ట్‌లో స్టూడెంట్ ఉండదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం ఒక స్టూడెంట్‌కి ముగ్గురు పేషెంట్లు, దాన్ని తిప్పి ముప్పై మందికి ఇద్దరు చేస్తే అది ట్రైనింగ్ కాదు.

చేయకూడని పనులు: ఇది ఒక పేజీ రాసి వార్డులో గోడకి అంటించండి. ఒంటరిగా స్వాబ్ తీయడం, హై రిస్క్ మందులు కలపడం గానీ ఎక్కించడం గానీ, డ్రగ్ చార్ట్‌లో స్టాఫ్ బదులు సంతకం పెట్టడం, ఒంటరిగా పేషెంట్‌ని షిఫ్ట్ చేయడం, చనిపోయినవాళ్ళ బాడీ ప్యాక్ చేయడానికి స్టూడెంట్‌నే పంపడం. ఈ చివరిది రాయడానికి కూడా చెయ్యి వణికింది, కానీ రాయాలి, ఎందుకంటే అర్జెంట్‌లో దొరికినవాళ్ళని పంపేస్తారు.

పీపీఈ (రక్షణ కోసం వేసుకునే గౌన్, మాస్క్, గ్లవ్స్, గాగుల్స్): హాస్పిటలే ఇవ్వాలి, స్టాఫ్‌కి ఏ క్వాలిటీ ఇస్తారో స్టూడెంట్‌కీ అదే. స్టాక్ అయిపోతే స్టూడెంట్‌ని వార్డులోకి పంపరు, ఆ రోజు అటెండెన్స్ పోదు. ఇలా రాసుకుంటే "ఈ ఒక్కరోజు సర్జికల్ మాస్క్‌తో సర్దుకోమ్మా" అనే మాట రాదు.

జబ్బు చేస్తే: టెస్ట్ ఎవరు చేయిస్తారు, ఎక్కడ ఉంచుతారు, బెడ్ కావాల్సి వస్తే ఆ హాస్పిటల్‌లోనే స్టాఫ్‌తో సమానంగా ఇస్తారా, ఖర్చు ఎవరిది. క్వారంటైన్‌లో ఉన్న రోజుల్ని గంటల్లో ఎలా సర్దుతారు. మేం హాస్టల్‌లో ఒక ఫ్లోర్ మొత్తం దానికే వదిలేశాం, బాత్రూమ్ విడిగా ఉన్న గదులు.

ఇన్సూరెన్స్: ఇది చాలామందికి తెలీని మెలిక. కోవిడ్‌లో ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ కింద హెల్త్ వర్కర్లకి 50 లక్షల బీమా పెట్టారు, 2020 మార్చి 30 నుంచి. కానీ క్లెయిమ్ చేయాలంటే ఆ మనిషిని కోవిడ్ డ్యూటీకి తీసుకున్నారని సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ కావాల్సి వచ్చేది. నోటిమాటగా పోస్టింగ్‌కి వెళ్ళినవాళ్ళకి ఆ కాగితం ఎవరిస్తారు? అందుకే మొదటి రోజుకి ముందే, స్టూడెంట్ పేరు, వార్డు, తేదీలతో హాస్పిటల్ నుంచి డిప్లాయ్‌మెంట్ ఆర్డర్ తీసుకుని కాపీ స్టూడెంట్ చేతికివ్వండి. మళ్ళీ వచ్చే మహమ్మారిలో స్కీమ్ పేరు మారొచ్చు, స్కీమే ఉండకపోవచ్చు, అప్పుడు కాలేజీ, హాస్పిటల్ కలిసి గ్రూప్ పాలసీ అన్నా తీయాలి.

స్టైపెండ్ గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తా. సిలబస్‌లో ఉన్న గంటల వరకు స్టైపెండ్ లేకపోయినా భోజనం, రవాణా, ఉండే చోటు ఉచితంగా ఇవ్వాలి. సిలబస్ దాటి ఒక్క షిఫ్ట్ చేయించినా డబ్బివ్వాలి. దీని మీద బేరాలు వద్దు.

చివరగా, ఏ పక్షమైనా 48 గంటల నోటీసుతో ఆపేయొచ్చు, పిల్లల భద్రతకి ముప్పుంటే నోటీసు లేకుండానే అని రాయండి. హాస్పిటల్ వాళ్ళు దీనికి మొహం చిట్లిస్తారు. ఓపిగ్గా చెప్పండి.

పిల్లల ఒప్పుకోలు, ఇంట్లోవాళ్ళ ఒప్పుకోలు

బలవంతం వద్దు. "రాకపోతే ఇంటర్నల్స్‌లో చూస్కో" అనే మాట ఏ ట్యూటర్ నోట్లోంచి వచ్చినా అది ఒప్పుకోలు కాదు. వద్దన్నవాళ్ళకి మామూలు వార్డు గానీ పీహెచ్‌సీ గానీ ముందే చూపించండి, అప్పుడే వాళ్ళు నిజం చెప్తారు. ఆస్తమా ఉన్నవాళ్ళు, కొత్తగా పెళ్ళయి గర్భంతో ఉన్నవాళ్ళు, ఇంట్లో డయాలసిస్ పేషెంట్లు ఉన్నవాళ్ళు, వీళ్ళ సంగతి విడిగా గదిలో కూర్చోబెట్టి అడగాలి, క్లాసులో చేతులెత్తమంటే ఎవరూ ఎత్తరు.

అమ్మానాన్నలతో ట్యూటరే మాట్లాడాలి, ఫారం మీద సంతకం పెట్టించుకు రమ్మని పంపేస్తే సరిపోదు. ఒకమ్మాయి వాళ్ళమ్మ నాతో అన్న మాట, "మేడమ్, మా పాప నర్సయి పదిమందికి సాయం చేస్తే మాకూ గర్వమే, కానీ దానికేమన్నా అయితే మాకు ఫోన్ చేసేదెవరు?" అని. నా దగ్గర అప్పుడు జవాబు లేదు. తర్వాత నుంచి ప్రతి ఇంటికీ రెండు నంబర్లు ఇచ్చాం, ఒకటి నాది, ఇంకొకటి హాస్పిటల్‌లో ఒక సిస్టర్‌ది, వారానికి రెండుసార్లు మేమే ఫోన్ చేశాం.

వ్యాక్సిన్ ఉంటే రెండు డోసులు అయ్యాకే, హెపటైటిస్ బి కూడా చెక్ చేయండి, ఇది మామూలు రోజుల్లోనే చేయాల్సింది.

వార్డుకి ముందు వారం: వేసుకోవడం కాదు, తీయడం నేర్పండి

పీపీఈ వేసుకోవడం పిల్లలు ఒక పూటలో నేర్చేసుకుంటారు. ప్రమాదమంతా తీసేటప్పుడే. ఆరు గంటలు చెమటతో తడిసి, ముక్కు మీద ఎన్95 కోసేస్తుంటే, మంచినీళ్ళు తాగాలని ప్రాణం లాగేస్తుంటే అప్పుడు తీస్తారు కదా, వరస మర్చిపోతారు.

మేం చేసింది చెప్తా. స్కిల్ ల్యాబ్‌లో నిలువుటద్దం పెట్టాం. గ్లవ్స్‌కి, గౌన్ ముందుభాగానికి బట్టల నీలిమందు కలిపిన నీళ్ళు పూశాం. తర్వాత వరసగా తీయమన్నాం: ముందు గ్లవ్స్, చేతులు రుద్దుకోవడం, గాగుల్స్, గౌన్ లోపలి వైపుకి చుట్టుకుంటూ తీయడం, మళ్ళీ చేతులు, గది బయటికొచ్చాక ఆఖరున మాస్క్ తాళ్ళు పట్టుకుని తీయడం, మళ్ళీ చేతులు. శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు రుద్దాలి. మొదటి రోజు పదిమందిలో ఎనిమిది మందికి మెడ మీదో, చెవి వెనకో, మణికట్టు మీదో నీలం మరకలు. ఒకమ్మాయి బుగ్గ మీద వేలిముద్ర అచ్చంగా పడింది, అద్దంలో చూసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎవరూ ఏమీ అనలేదు, మళ్ళీ చేసింది. వరసగా మూడుసార్లు ఒక్క మరక లేకుండా తీసినవాళ్ళకే వార్డు. ఇది చూడటానికి హాస్పిటల్ ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్‌ని పిలిపించాం, సంతకం ఆవిడదే. పార్ట్‌నర్‌షిప్ అంటే నిజానికి ఇలాంటి పూటల్లోనే కుదురుతుంది, ఆవిడకి మా పిల్లల పేర్లు తెలిశాయి, పిల్లలకి ఆవిడంటే భయం పోయింది.

తీసినవి ఏ రంగు సంచిలో వేయాలో కూడా అదే రోజు. కోవిడ్ మార్గదర్శకాల ప్రకారం మాస్కులు, టోపీలు, షూ కవర్లు, బట్టతో చేసిన గౌన్లు పసుపు సంచిలోకి, గ్లవ్స్, గాగుల్స్, ఫేస్ షీల్డ్, ప్లాస్టిక్ కవరాల్ (ఒళ్ళంతా కప్పే సూట్) ఎరుపులోకి, సంచి రెండు పొరలు. సూదులు మామూలుగానే తెల్ల డబ్బాలోకి.

వార్డులో నేర్పేది ఎవరు

కాలేజీ ట్యూటర్ మొదటి నాలుగు రోజులు పీపీఈ వేసుకుని పిల్లలతో పాటు లోపల ఉండాలి. దీనికి మినహాయింపు లేదు. స్టాఫ్ నర్సులు మనల్ని చూసే చూపే మారిపోతుంది, "మేడమ్ కూడా వచ్చారు" అని. తర్వాత రోజూ షిఫ్ట్ అయ్యాక పావుగంట, బయట చెట్టు కింద దూరం దూరంగా నిలబడి, ఈరోజు ఏం చూశారు, ఏది అర్థంకాలేదు.

స్టాఫ్ నర్స్‌కి కూడా ఏదో ఒకటి దక్కాలి. నేర్పడం అంటే అదనపు పనే. మేం ప్రిసెప్టర్ (వార్డులో స్టూడెంట్‌కి నేర్పే నర్స్) సర్టిఫికెట్ ఇచ్చాం, వాళ్ళ పిల్లల ఆన్‌లైన్ క్లాసులకి కాలేజీ వైఫై, ల్యాబ్ వాడుకోనిచ్చాం, డ్యూటీ రోస్టర్‌లో స్టూడెంట్స్ ఉన్న రోజుల్లో వాళ్ళకి బెడ్లు కాస్త తగ్గించమని సూపరింటెండెంట్ మేడమ్‌ని ఒప్పించాం. ఈ మూడోదే వాళ్ళకి ఎక్కువ నచ్చింది.

నేర్పడం ఎలా ఉండాలో ఒకటి చెప్తా. ఒక స్టూడెంట్ శాచురేషన్ 86 అని రాసి పరిగెత్తుకొచ్చింది. సిస్టర్ కంగారు పడకుండా "పేషెంట్‌ని చూశావా, అంకెని చూశావా?" అంది. ఇద్దరూ బెడ్ దగ్గరికెళ్ళారు. పేషెంట్ హాయిగా మాట్లాడుతోంది, ఊపిరి లెక్కపెడితే నిమిషానికి 18. వేళ్ళు మంచులా ఉన్నాయి, గోళ్ళకి ముదురు ఎర్ర రంగు. రంగు తుడిచి, చెయ్యి రుద్ది వెచ్చబరిచి పెడితే 95. సరిగ్గా రెండు బెడ్ల అవతల ఒకాయనకి 91, ఆయన మాత్రం వాక్యం పూర్తి చేయలేకపోతున్నాడు. "ఇప్పుడు చెప్పు, ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి?" అని అడిగింది సిస్టర్. ఆయన్ని బోర్లా పడుకోబెట్టడం ఆ పిల్లతోనే చేయించింది, మెడ కింద ఒక దిండు, ఛాతీ నుంచి తొడల దాకా రెండు, కాళ్ళ కింద రెండు, భోజనం చేసి గంట దాటిందా అని ముందు అడిగి మరీ. ఇది ఏ పుస్తకంలోనూ ఇలా అంటుకోదు.

లాగ్ బుక్ లోపలికి వెళ్ళదు

చిన్న విషయమే కానీ అందరూ ఇరుక్కుంటారు. స్టూడెంట్ చేసిన పని రాసుకునే పుస్తకమే లాగ్ బుక్, దాన్ని కోవిడ్ వార్డులోకి తీసుకెళ్ళకూడదు, తీసుకెళ్తే బయటికి తేకూడదు. డాఫింగ్ (పీపీఈ తీసేయడం) అయి స్నానం చేశాక అరగంటలో ఫోన్‌లో ఫారం నింపేలా చేశాం, ఏం చేసింది, ఎవరి పర్యవేక్షణలో, ఎన్ని గంటలు. పేషెంట్ పేరు, బెడ్ ఫోటో ఏదీ ఉండకూడదు. వారానికోసారి ప్రింట్ తీసి సిస్టర్ సంతకం. వార్డులో సెల్ఫీలు, స్టేటస్‌లు పెడితే పోస్టింగ్ ఆపేస్తామని మొదటి రోజే చెప్పాం, ఒక్కసారి కూడా ఆపాల్సిన అవసరం రాలేదు.

చావు చూసిన రోజు

ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల పొద్దున అన్నం తినిపించిన మనిషి సాయంత్రం లేకపోతే ఏం చేయాలో ఎంఓయూలో ఉండదు. మేం పెట్టుకున్న పద్ధతి ఇంతే. ఆ రోజు షిఫ్ట్ తర్వాత తను ఒక్కతే హాస్టల్‌కి వెళ్ళదు, ట్యూటర్ గానీ సీనియర్ గానీ పక్కనుంటారు. మర్నాడు కావాలంటే డ్యూటీ మార్చుకోవచ్చు, కారణం అడగం. కాలేజీలో మెంటల్ హెల్త్ నర్సింగ్ చెప్పే మేడమ్ వారానికి రెండు సాయంత్రాలు ఫోన్‌లో ఉంటారు. ఒక స్టూడెంట్ మూడు వారాల పాటు రోజూ ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా ఉండేదట, మేడమ్ కూడా ఊరికే లైన్‌లో ఉండేవారట. ఇప్పుడా పిల్ల ఐసీయూలో స్టాఫ్ నర్స్.

హాస్పిటల్ స్టాఫ్‌కి కూడా ఆ నంబర్ ఇవ్వండి. వాళ్ళకీ ఎవరూ లేరు.

ముగించేటప్పుడు కాగితాలు

పోస్టింగ్ ఆఖరి రోజున మూడు కాగితాలు స్టూడెంట్ చేతిలో ఉండాలి, తర్వాత పంపుతాం అంటే ఒప్పుకోవద్దు, ఎందుకంటే సూపరింటెండెంట్లు ట్రాన్స్‌ఫర్ అవుతారు, ఫైళ్ళు పోతాయి. గంటల సర్టిఫికెట్, వార్డులవారీగా. డ్యూటీ చేసిన తేదీలతో సర్వీస్ సర్టిఫికెట్, డిప్లాయ్‌మెంట్ ఆర్డర్ నంబర్ వేసి. స్కిల్ చెక్‌లిస్ట్, సిస్టర్ సంతకంతో.

రెండోది ఎందుకంత ముఖ్యమంటే, 2021 మేలో కేంద్రం 100 రోజుల కోవిడ్ డ్యూటీ పూర్తి చేసినవాళ్ళకి ప్రభుత్వ రెగ్యులర్ నియామకాల్లో ప్రాధాన్యం అని ప్రకటించింది. తేదీలు లేని, ఆర్డర్ లేని సర్టిఫికెట్లు పట్టుకుని 97 రోజులా 103 రోజులా అని తేల్చలేక అల్లాడిన పిల్లల్ని చూశాను. కాబట్టి ప్రతి డ్యూటీ రోజూ విడిగా రాయించండి, "మే నుంచి ఆగస్టు వరకు" అని కాదు.

ఆ తర్వాత ఒక నెలలోపు కాలేజీ వాళ్ళు, హాస్పిటల్ వాళ్ళు, ఇద్దరు స్టూడెంట్స్ కూర్చుని ఎంఓయూని ఒక్కో లైన్ చదివి ఏది పనికొచ్చింది, ఏది కాగితం మీదే ఉండిపోయింది అని మార్కు చేయండి. స్టూడెంట్స్‌ని తప్పకుండా పిలవండి, నైట్ షిఫ్ట్ క్లాజ్ సరిగ్గా అమలవట్లేదని మాకు చెప్పింది వాళ్ళే. సవరించిన కాపీ ఒకటి ప్రిన్సిపాల్ దగ్గర, ఒకటి సూపరింటెండెంట్ దగ్గర, ఇంకొకటి వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్ టేబుల్ సొరుగులో. మేం ప్రతి జూన్‌లో ఆ కాపీ తీసి, వెనక పేజీలో ఉన్న ఫోన్ నంబర్లన్నిటికీ ఒకసారి చేసి చూస్తాం. పోయిన జూన్‌లో ఏడింటిలో మూడు పనిచేయలేదు, ఆ రోజే కొత్తవి రాసుకున్నాం.